అటక మీద పాత మిలటరీ తూటాలు దొరికితే ఏం చేయాలి

పోయిన వేసవిలో నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పుతున్నారు. అటక మీది ట్రంకుపెట్టె దించి చూస్తే, అడుగున గోనెగుడ్డ మూట. మూటలో పదిహేడు తూటాలు. ఆ ఇంటి తాతగారు మిలటరీలో చేసి వచ్చినవారు, పోయి పాతికేళ్లయింది. మనవడు నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది: "మావయ్యా, ఇందులో మందు ఇంకా పనికొస్తుందా? విప్పి చూడమంటావా?"

"ఉన్నచోట ఉంచేసి నువ్వు అవతలికి రా" అన్నాను.

నేను ఆర్మీ ఆర్డినెన్స్ కోర్‌లో, అంటే సైన్యానికి ఆయుధాలు, మందుగుండు అందించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ఆమ్యూనిషన్ (మందుగుండు) డిపోల్లోనే గడిచింది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫౌజీ లేని ఊరు తక్కువ. పాత జమీందారీ ఇళ్లు, వేట అలవాటున్న కుటుంబాలు, పంట కాపలా తుపాకులు ఉన్న కొండ ఊళ్లు కూడా ఉన్నాయి. అందుకే ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి రెండు మూడైనా వస్తాయి. ఈ మధ్య ఆ ఫోన్లలో ఒక కొత్త ప్రశ్న చేరింది. కుర్రాళ్లు అమెరికా వాళ్ల వీడియోలు చూస్తున్నారు. అక్కడ మిలటరీ వాళ్లకు మిగిలిపోయిన రైఫిల్ మందు కొని, ఇంట్లోనే తూటాల్లో నింపుకుంటారు. "మనమూ అలా చేయొచ్చు కదా?" అని అడుగుతున్నారు. చేయకూడదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ముందు, తూటాలు కనబడిన ఆ నిమిషంలో ఏం చేయాలో చూద్దాం.

మొదటి పని: చేతులు వెనక్కి తీసుకోండి

మూట విప్పి ఉంటే అలాగే వదిలేయండి, విప్పకపోతే విప్పొద్దు. పిల్లల్ని, ఇల్లు విప్పే కూలీలను అటువైపు రానివ్వకండి. ఆ గదిలో పొయ్యి, బీడీ, కటింగ్ మిషన్, గ్రైండర్ ఏవీ వాడకండి. పెట్టెను ఎండలో పెట్టొద్దు, బండి డిక్కీలో పెట్టి తిప్పొద్దు.

మనవాళ్లు చేసే పొరపాట్లు రెండున్నాయి. పాత ఇత్తడి కదా అని కేజీల లెక్కన పాత సామాన్ల కొట్టుకు వేసేయడం ఒకటి. అక్కడ దాన్ని సుత్తితో కొట్టేది ఆ కొట్టులో పనిచేసే కుర్రాడే, పేలేది అతని చేతుల్లోనే. రెండోది, పనికిరాని చెత్తతో కలిపి మంటలో వేయడం. భోగి నాడు పాత సామాను మంటలో వేసే ఇళ్లు మనవి. తుపాకీలో లేని తూటా మంటలో పడితే గురిపెట్టినట్టు ఎటూ పోదు, కాని తూటా గొట్టం పగిలి ఇత్తడి ముక్కలు, వెనకనున్న ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) ముక్క చుట్టూ ఎగురుతాయి. కన్ను పోవడానికి ఆ ముక్క చాలు.

బావిలోనో చెరువులోనో పారేయొద్దు. తూటా నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా లోపల మందు పొడిగానే ఉండొచ్చు. రేపు పూడిక తీసేవాళ్ల చేతికి అదే దొరుకుతుంది.

మూటలో తూటాలు కాకుండా గ్రెనేడు, మోర్టార్ షెల్, బాంబును పేల్చే ఫ్యూజు లాంటివి కనిపిస్తే ఇక ఈ వ్యాసం చదవక్కర్లేదు. ఇంట్లోవాళ్లంతా దూరంగా వెళ్లి 112కి ఫోన్ చేయండి. దాన్ని తీయడం బాంబు స్క్వాడ్ పని.

రెండో పని: ముట్టకుండా చదవండి

తూటాలు కంటికి కనబడుతూ ఉంటే, కదపకుండా టార్చిలైటు వేసి చూడండి. తూటా అడుగున, ప్రైమర్ చుట్టూ, చిన్న అక్షరాలుంటాయి. వాటిలోనే ఎక్కువ సమాచారం దొరుకుతుంది.

'కె ఎఫ్' అనే అక్షరాలుంటే అది పుణె దగ్గర ఖడ్కీలో, అంటే పాత పేరు కిర్కీలో ఉన్న ఆమ్యూనిషన్ ఫ్యాక్టరీలో తయారైంది. పక్కన రెండంకెలుంటే అది తయారైన సంవత్సరం. 42 అంటే 1942. జపాన్ వాళ్లు విశాఖ మీద బాంబులు వేసిన ఏడాది అది. రోమన్ అంకె ఏడు ఉంటే అది 303 రైఫిల్ తూటాలో 'మార్క్ సెవెన్' రకం. ఆ ఏడు పక్కన ఇంగ్లిషు జెడ్ అక్షరం ఉంటే లోపల నైట్రోసెల్యులోజ్ మందు, లేకపోతే కార్డైట్. ఆ ఒక్క అక్షరంలో ఇంత తేడా ఉంది.

కార్డైట్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో అటకల మీద దొరికేవాటిలో అది చాలా ఉంటుంది. అది పొడి కాదు. పొడుగ్గా, సన్నగా, వేయించిన సేమియా రంగులో కట్టలా ఉంటుంది. నేను డిపోలో మొదటిసారి చూసినప్పుడు ఎవరో నిజంగానే సేమియా కూరి పెట్టారనుకున్నాను. నైట్రోగ్లిసరిన్, గన్‌కాటన్ (యాసిడ్‌తో మందుగా మార్చిన దూది), కొంచెం వాజలిన్ కలిపి చేస్తారు. బ్రిటిష్ వాళ్లు తొలి రోజుల్లో చేసిన రకంలో నైట్రోగ్లిసరిన్ 58 శాతం. అది తుపాకీ గొట్టాలను తినేస్తోందని తర్వాత 30 శాతానికి తగ్గించారు. నైట్రోగ్లిసరిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. ఉత్త చేతులతో పట్టుకున్నవాళ్లకు తల పగిలిపోయే నొప్పి వస్తుంది. డిపోలో గ్లోవ్స్ లేకుండా ముట్టనిచ్చేవారు కాదు.

తూటా మొన రంగు కూడా చూడండి. పాత బ్రిటిష్ పద్ధతిలో మొన ఎరుపైతే ట్రేసర్, అంటే దారి కనబడేలా వెలుగుతూ పోయే రకం, నీలమైతే మంట పుట్టించే రకం, ఆకుపచ్చైతే కవచాన్ని చీల్చే రకం. రంగు కనబడితే ఆ సంగతి పోలీసులకు ఫోన్‌లోనే చెప్పండి.

వేట తుపాకీ తూటాలను గుర్తు పట్టడం తేలిక. 12 బోర్‌వి (బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత) లావుగా, అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన గొట్టం, అడుగున ఇత్తడి టోపీతో ఉంటాయి. 315 రైఫిల్ తూటాలు మాత్రం 303లాగే కనబడి తికమక పెడతాయి. 303 మిలటరీ బోర్ కాబట్టి మామూలు లైసెన్సుకు ఇవ్వరు. సివిలియన్లకు అమ్మడానికి మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు చేసేది 315. మీ తాతగారికి లైసెన్సు 315కి ఉండి, పెట్టెలో 303 తూటాలు దొరికాయంటే లైసెన్సు ఆ తూటాలకు వర్తించదు. నిషేధిత రకం తూటాలు దగ్గర ఉంచుకుంటే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, ఏడేళ్ల నుంచి 14 ఏళ్ల వరకు జైలు. భయపెట్టడానికి కాదు, ఆలస్యం చేయకూడదని చెప్తున్నాను. దొరికిన రోజే చెప్పినవాళ్లను ఎవరూ నేరస్తుల్లా చూడలేదు, నాకు తెలిసినంతలో.

ఫోటో తీసుకోవచ్చు, పోలీసులకు చూపించడానికి పనికొస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. "నాకిస్తావా, ఎంత?" అని అడిగేవాడు ఒకడు తప్పకుండా తయారవుతాడు.

మూడో పని: చెడిన గుర్తులు కనిపెట్టండి

నల్లమందు, అంటే సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే పాతకాలపు మందు, తేమ తగలకపోతే వందేళ్లయినా అలాగే ఉంటుంది. పొగలేని మందు, అంటే పైన చెప్పిన కార్డైట్, నైట్రోసెల్యులోజ్ రకాలు, అలా కాదు. అది తయారైన రోజు నుంచే నెమ్మదిగా కుళ్లుతుంది. కుళ్లేకొద్దీ నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వదులుతుంది. ఆ వాయువులు మళ్లీ మందునే తింటాయి, కుళ్లు ఇంకా వేగమవుతుంది. దీన్ని ఆపడానికే తయారీలో డైఫినైలమైన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. అది ఆ వాయువులను పీల్చుకుంటుంది. పీల్చుకునే శక్తి అయిపోయాక మందుకు కాపలా ఉండదు. వేడి ఎంత ఎక్కువైతే అది అంత త్వరగా అయిపోతుంది. రేకుల ఇంటి అటక మీద మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అలాంటి ఎండల్ని యాభై అరవై చూసిన మందు అది.

ఇది చిన్న విషయం కాదు. ఫ్రాన్స్‌లోని తులోన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే యుద్ధనౌకలు ఏ శత్రువూ లేకుండానే పేలిపోయాయి. పాతబడి చెడిన మందే కారణమని తేల్చారు. నౌకాదళం నిఘాలో ఉన్న మందు గదుల్లోనే అలా జరిగింది.

చూడాల్సిన గుర్తులు ఇవి. ఇత్తడి మీద పచ్చటి చిలుము, ముఖ్యంగా తల, అంటే ముందున్న గుండు, బిగించిన చోట. మూటగుడ్డ మీద తుప్పు రంగు మరకలు, గుడ్డ పొడిపొడిగా రాలిపోతూ ఉండడం. ముక్కుకు ఘాటుగా, యాసిడ్‌లా కొట్టే వాసన. బాగున్న మందుకు కొంచెం ఈథర్ లాంటి తియ్యటి వాసన ఉంటుంది, చెడినదానికి ముక్కు మండే వాసన. అలాగని దగ్గరికి పెట్టి వాసన చూడొద్దు, దూరం నుంచే తెలిసిపోతుంది. విడి మందు డబ్బాలో ఉండి, మూత దగ్గర ఎర్రటి పొగలాంటిది కనబడితే ఇల్లు ఖాళీ చేసి ఫోన్ చేయండి.

ఇత్తడి మెడ దగ్గర సన్నటి నిలువు పగుళ్లు కూడా ఉండొచ్చు. దీనికో కథ ఉంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు తగ్గాక చూస్తే ఇత్తడి దానంతటదే చీలి ఉండేది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వల్లేనని తర్వాత తెలిసింది. మన పల్లెల్లో తూటాల మూట దాచేది ఎక్కడ? పశువుల సాల పైన అటక మీదే కదా. నరసన్నపేట మూటలో పదిహేడింట్లో నాలుగిటికి ఆ పగుళ్లు నేను కళ్లారా చూశాను. ఒకదాని తల పట్టు వదిలేసింది, కదిపితే ఊడి వచ్చేలా ఉంది.

మందును చూసి గుర్తు పట్టలేమా?

ఆ మనవడు వదల్లేదు. "వీడియోలో వాళ్లు గింజ చూసి చెప్పేస్తున్నారు కదా మావయ్యా" అన్నాడు. ఆ కథ ఎక్కడ మొదలైందో చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం దగ్గర రైఫిల్ మందు కుప్పలుగా మిగిలిపోయింది. కాన్సస్ రాష్ట్రానికి చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన ఆ మందు కొని షూటింగ్ చేసేవాళ్లకు చవగ్గా అమ్మాడు. 4895 అనే రకం అలాగే పేరు తెచ్చుకుంది. ఆ దేశపు చట్టం వేరు. వాళ్లకు ఏ లాటు (ఒకేసారి తయారైన బ్యాచి) మందు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు, ఆ లాటుకు పరీక్షించిన కొలతలున్నాయి. అయినా అక్కడ తుపాకులు పగిలిన కేసులున్నాయి.

కంటితో ఎందుకు చెప్పలేమంటే, మందు కాలే వేగం గింజ ఆకారం ఒక్కదాని మీదే ఉండదు. గింజలో రంధ్రం ఉందా, దాని సైజెంత, పైన ఏ రసాయనం పూత పూశారు, ఆ పూత ఎంత లోతుకు దిగింది, లోపల నైట్రోగ్లిసరిన్ ఎంత, ఇవన్నీ కలిసి వేగాన్ని నిర్ణయిస్తాయి. పూత పలచనైతే మందు త్వరగా కాలుతుంది. ఆ పలచన మన కంటికి అందదు. రెండు రకాలూ ఒకే బూడిదరంగు, ఒకే పొడవు గింజలు, అరచేతిలో పక్కపక్కన పోస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఒకటి రైఫిల్‌కు సరిపోతుంది, ఇంకోటి అదే తూకంలో అదే రైఫిల్ బోల్టును మొహం మీదకు తెస్తుంది.

ఫ్యాక్టరీ కూడా మిలటరీ తూటాకు ఇంత మందు అని ఒకే తూకం పెట్టుకోదు. ప్రతి లాటునూ పరీక్షించి, కావలసిన వేగం, ప్రెషర్ వచ్చేలా ఆ లాటుకు తూకం మారుస్తుంది. అందుకే డిపోలో మాకు రకం పేరు కంటే లాటు నంబరే ముఖ్యం. లాటు నంబరు లేని పెట్టె వస్తే పక్కన పెట్టేసేవాళ్లం. మీ అటక మీది తూటాలు ఒకే లాటువని ఎవరు చెప్పగలరు? నరసన్నపేట మూటలో మూడు వేర్వేరు సంవత్సరాలవి ఉన్నాయి. వాటి మందు ఒకచోట పోస్తే ఏ పుస్తకంలోనూ కొలత లేని కొత్త మందు తయారవుతుంది.

చట్టం మాటా చెప్పేస్తాను. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. తయారీకి శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం వరకు పోవచ్చు. తుపాకీ లైసెన్సు ఉంది కదా అంటారేమో, అది తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చిన కాగితం, మందు నింపుకోవడానికి కాదు.

నాటు తుపాకీ ఉన్న ఇళ్లకు

పార్వతీపురం, సాలూరు వైపు కొండ ఊళ్లలో అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి ముందు నుంచి మందు కూరే తుపాకులున్నాయి. నిజంగా పంట కాపలా కోసమే అయితే అలాంటి తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. తప్పు జరిగేది ఎక్కడంటే, నల్లమందు దొరక్కపోతే మిలటరీ తూటా విప్పి అందులో మందు పోసేయడం.

నల్లమందు ప్రెషర్ తక్కువ. ఆ గొట్టాన్ని అంతవరకే తట్టుకునేలా చేశారు. రైఫిల్ మందు బిగుతుగా ఉన్నచోట కాలితే ప్రెషర్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. నేను సర్వీసులో ఉండగా సెలవు మీద వచ్చినప్పుడు అలా పగిలిన ఒక గొట్టం చూశాను. ఇనుము అరటితొక్కలా మూడు పాయలుగా విచ్చుకుని ఉంది. ఆ రైతు ఎడమచేతికి రెండు వేళ్లే మిగిలాయి. మనిషి బతికాడు, కాని తర్వాత నాగలి పట్టలేకపోయాడు. ఆయన భార్య నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "చిటికెడే ఏసినాడు బాబూ, చిటికెడే." నల్లమందుతో చిటికెడు తేడా వస్తే పెద్దగా ఏమీ కాదు. ఆయన చెయ్యి ఆ లెక్కకే అలవాటు పడింది.

మీ ఊళ్లో ఎవరైనా ఇలా చేస్తున్నట్టు తెలిస్తే దయచేసి ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

స్టేషన్‌కు ఎలా అప్పగించాలి

చట్టం ఇక్కడ మనకు దారి చూపింది. సెక్షన్ 21 ప్రకారం, ఏ కారణం వల్లనైనా తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకునే హక్కు పోయినప్పుడు, అనవసరంగా ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర కూడా చేయొచ్చు. లైసెన్సుదారు చనిపోయినా, రెన్యువల్ చేయక లైసెన్సు మురిగినా ఇదే దారి.

తూటాలను సంచిలో వేసుకుని బస్సెక్కి స్టేషన్‌కు వెళ్లకండి. దారిలో తనిఖీ జరిగితే మీరు చెప్పేది ఎవరూ వినరు. పైగా చెడిన తూటాలను కుదుపుల్లో తీసుకెళ్లడం ప్రమాదం. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి ఎస్సైతో మాట్లాడండి. "మా పాత ఇంట్లో తూటాలు దొరికాయి, పాతవి, చిలుము పట్టాయి, మేం ముట్టుకోలేదు, మీరు వచ్చి చూడండి" అని చెప్పండి. చిలుము, వాసన, రంగు మొన సంగతి చెబితే, అవసరాన్ని బట్టి బాంబు స్క్వాడ్‌ను వాళ్లే పిలుస్తారు. ఫోన్ చేసిన టైము రాసిపెట్టుకోండి.

వాళ్లు వచ్చేలోపు ఒక అర్జీ రాసి ఉంచండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, ఫలానా తేదీన మా తాతగారి పాత ఇల్లు విప్పుతుండగా అటక మీది పెట్టెలో ఈ కింద రాసిన తూటాలు దొరికినవి. మా తాతగారు ఫలానా సంవత్సరంలో మరణించినారు. ఇవి ఉన్న సంగతి మాకు ఇంతకు ముందు తెలియదు. వీటిని ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం మీకు స్వాధీనపరచుచున్నాము. స్వీకరించి రసీదు ఇప్పించగలరు."

కింద లెక్క రాయండి. ఎన్ని, కనబడిన అక్షరాలు, పగుళ్లున్నవి ఎన్ని. సర్పంచినో వీఆర్వోనో పిలిచి సాక్షి సంతకం పెట్టిస్తే మంచిది. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. లైసెన్సు పుస్తకం దొరికితే దాని జిరాక్సు, తాతగారి మరణ ధ్రువపత్రం జత చేయండి. ఆయన మిలటరీ డిశ్చార్జి బుక్కు ఉంటే అదీ చూపించండి. మాజీ సైనికుల కుటుంబాలు కాగితాల విషయంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సలహా అడగొచ్చు.

ఒక్కోసారి, "పాతవే కదా, ఎక్కడైనా పాతిపెట్టేయండి" అనే మాట వినబడుతుంది. నాకు తెలిసిన ఒక కుటుంబానికి అలాగే జరిగింది. వాళ్లు ఊరుకోకుండా అదే అర్జీని రిజిస్టర్ పోస్టులో పై అధికారికి పంపారు. నాలుగో రోజున మనుషులొచ్చి తీసుకెళ్లారు. మీరూ పాతిపెట్టకండి, అర్జీ పంపండి.

తుపాకీ కూడా ఉంటే

తూటాలతోపాటు తాతగారి తుపాకీ కూడా ఉండి, దాన్ని కుటుంబంలో ఉంచుకోవాలనుకుంటే వారసుడు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు ప్రత్యేకంగా దారి ఉంది. లైసెన్సుదారు బతికుండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, ఏది ముందైతే అప్పుడు, వారసుడి పేరు మీద అడగొచ్చు. మన జిల్లాల్లో దరఖాస్తు కలెక్టరేట్‌కు వెళ్తుంది. లైసెన్సు వచ్చేదాకా తుపాకీ డిపాజిట్‌లోనే ఉండాలి. ఒక మనిషి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. ఇంట్లో ఎనభై దాటిన తాతగారుంటే ఈ పని ఈ సంక్రాంతికి పిల్లలంతా ఇంటికొచ్చినప్పుడే మాట్లాడి పెట్టుకోండి. పెద్దాయన్ను కూర్చోబెట్టి, "ఇంకెక్కడైనా తూటాలు దాచావా తాతా?" అని అడగండి. ధాన్యం గాదె కింద, దేవుడి గది గూట్లో, బావి మోటారు షెడ్డులో... ఆయన చెప్పే చోట్లు మీకు తట్టవు.

లైసెన్సు వచ్చాక కూడా ఆ పాత తూటాలు మళ్లీ అడగొద్దు. డీలరు దగ్గర కొత్తవి కొనుక్కోండి.

పోలీసులు తూటాలు తీసుకెళ్లిన తర్వాత ఆ పెట్టె అడుగున గింజల్లా, పుల్లల్లా మందు రాలి ఉందేమో చూడమని వాళ్లనే అడగండి, మీరు చీపురు పెట్టి ఊడవొద్దు. వాళ్లిచ్చిన రసీదు కార్బన్ కాపీ అయితే మసకబారొచ్చు. ఆ సాయంత్రమే రెండు జిరాక్సులు తీయించి, ఒకటి ఇంటి దస్తావేజులతో, ఒకటి ఊళ్లో లేని అన్నదమ్ముడి దగ్గర పెట్టండి.